కింది ఇంటామె ఐసీయూలో ఉంది, నేనేం చేయాలి?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా కింది పోర్షన్‌లో ఉండే అమ్మాయికి 32 ఏళ్లు. మేమిద్దరం ఒకే చీటీలో ఉన్నాం. మూడు వారాల కింద కాళ్లు తిమ్మిరి అంది. మర్నాటికి మెట్లెక్కలేకపోయింది. నాలుగో రోజుకు ఊపిరాడక వెంటిలేటర్ పెట్టారు. జీబీఎస్ అని, అంటే గిలియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బని చెప్పారు. వాళ్లాయన కొండకు ట్యాక్సీ తోలతాడు. 9 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు. పాకాల దగ్గర పల్లె నుంచి అత్తగారు వచ్చి ఉంది. మొదటి వారం ఇల్లంతా జనం, ఇప్పుడు ఎవరూ తొంగి చూడడం లేదు. పైగా అంటుకుంటుందేమోనని వీధిలో వాళ్ల పిల్లలతో ఎవరినీ ఆడనివ్వడం లేదు. ఆయన కనపడినప్పుడల్లా 'ఏమన్నా కావాలంటే చెప్పన్నా' అంటున్నాను. తలూపి పోతాడు, ఇంతవరకూ ఏమీ అడగలేదు. మొన్న పాప వచ్చి నా మిషను పక్కన నిలబడి, 'పెద్దమ్మా, మా అమ్మ చచ్చిపోతుందా?' అని అడిగింది. నోట మాట రాక చాక్లెట్ చేతిలో పెట్టి పంపేశాను. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. తమ్ముడి పెళ్లికని ఆమె నాకిచ్చిన పట్టు జాకెట్టు కట్ చేసి పెట్టి ఉంది. కుట్టాలా, పక్కన పెట్టాలా? దాన్ని చూస్తేనే చేతులు వణుకుతున్నాయి.

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ అంటుకునే మాట తేల్చేద్దాం. తల్లి ఇంట్లో లేని పిల్లలకు ఆడుకునే తోడు కూడా లేకుండా పోతే ఎట్లా?

జీబీఎస్ ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. విరేచనాలో, జలుబు జ్వరమో వచ్చి తగ్గిన కొన్నాళ్లకు, ఆ క్రిములతో పోరాడిన మన ఒంటి రక్షణ వ్యవస్థే దారి తప్పి సొంత నరాల మీద పడుతుంది. అందుకే చాలామందిలో పాదాల తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. కొందరిలో ఊపిరి తీసే కండరాల దాకా వస్తుంది. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. 2025 జనవరిలో పూణేలో ఒకేసారి చాలా మందికి రావడంతో టీవీలన్నీ దాన్నే చూపించాయి, మనవాళ్ల బుర్రల్లో 'ఇది ఇంకో కరోనా' అని పడిపోయింది. అక్కడ కూడా అనుమానం పోయింది కలుషితమైన నీళ్ల మీదకే. ఇదంతా మీరు వీధిలో మైకు పెట్టి చెప్పనక్కర్లేదు. సాయంత్రం మీ పిల్లల్నో, మీ ఇంటికొచ్చే పిల్లల్నో మిద్దె మీద ఆ ఇద్దరితో ఆడుకోనివ్వండి. అందరికీ ఒకే ప్లేటులో బొరుగులు పెట్టండి. చూసేవాళ్లు చూస్తారు.

ఇక 'ఏమన్నా కావాలంటే చెప్పన్నా' సంగతి. ఆ మాట మీరు మనస్ఫూర్తిగానే అన్నారు, నాకు తెలుసు. కానీ దానితో పని మళ్లీ ఆయన నెత్తి మీదకే పోతుంది. పదకొండేళ్ల కింద మా ఆయన 19 రోజులు ఐసీయూలో ఉన్నాడు. అప్పుడు మేము చిత్తూరులో ఉండేవాళ్లం. నాతో ఆ మాట ఎంతమంది అన్నారో లెక్క లేదు. అడగాలంటే ముందు నాకేం కావాలో నాకు తెలియాలి కదా! బుర్రలో తిరిగేవి రెండే: ఇవాళ రిపోర్టులో ఏమొస్తుంది, రేపటి మందుల చీటీ ఎంతవుతుంది. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని మా అత్త ఫోన్ చేస్తే, గ్యాస్ అంటే ఏమిటో నాకు వెంటనే తట్టలేదు, నమ్మండి. మా ఎదురింటావిడ మాత్రం నన్నేమీ అడగలేదు. రోజూ తెల్లవారి ఐదున్నరకు ఫ్లాస్కులో కాఫీ పోసి, వైరు బుట్టలో పెట్టి, మా తలుపు గొళ్లేనికి తగిలించి పోయేది. 19 రోజులూ. ఆ రోజుల్లో ఆమెతో నేను మాట్లాడింది పది మాటలుండవు. యాపిల్ పండ్లు తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఐసీయూలో గొట్టం పెట్టిన మనిషికి యాపిల్ ఎందుకో, మర్యాద అంటే మర్యాదే మరి. అవి కుళ్లిపోతుంటే పక్క బెడ్ల వాళ్లకు పంచడం నాకు ఇంకో పని అయింది.

కాబట్టి మీరు ఒక పని ఎంచుకోండి. ఒకటి చాలు. రోజూ ఒకే వేళకు, ఎవరూ అడగకుండా జరిగిపోయేది. మీ ఉత్తరంలో పాప ఉంది కాబట్టి నా ఓటు జడలకు. బడికి పోయే ఆడపిల్లకు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలి, పాపిడి తిన్నగా రావాలి. అవ్వకు కళ్లు ఆనవు, నాన్నకు చేత కాదు. ఏడున్నరకు కిందికి దిగి మెట్టు మీద కూర్చోండి, పాపను కింది మెట్టు మీద కూర్చోబెట్టుకోండి. 'మీ అమ్మ రిబ్బను ఎట్లా కట్టేది, పువ్వులాగానా, ఊరికే ముడేనా?' అని అడిగి అట్లాగే కట్టండి. తల దువ్వించుకునేటప్పుడు పిల్లలు మన మొహం చూడక్కర్లేదు. వాళ్లు మనసులో మాట బయట పెట్టేది అప్పుడే.

ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. రాకపోతే మీరే ఎత్తండి. అంతకు ముందు వాళ్ల నాన్నను పక్కకు పిలిచి, పిల్లలకు ఏం చెప్పారో కనుక్కోండి. ఆయన ఒకటి, మీరొకటి చెబితే పాప ఎవరినీ నమ్మదు. ఆయన సరే అంటే ఇట్లా చెప్పొచ్చు: 'మొన్న నువ్వడిగినప్పుడు నాకు ఏం చెప్పాలో తెలియలేదమ్మా, అందుకే చాక్లెట్ ఇచ్చి పంపాను. మీ అమ్మకు పెద్ద జబ్బే చేసింది. ఊపిరి తీసుకోవడానికి మిషను సాయం చేస్తోంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో కొందరు చనిపోతారు, ఎక్కువమంది కోలుకుంటారు. కానీ చాలా నెలలు పడుతుంది. ఏదన్నా మారితే నీకు చెబుతాం, దాచిపెట్టం.' 'చనిపోతారు' అనే మాట నోటికి రావడం లేదని మీరంటారు. ఆ మాట పాప ముందే అనేసింది. మీరు దాటేస్తే, అది నోరెత్తకూడని మాటని అనుకుని ఇంక ఎవరినీ అడగదు, రాత్రిళ్లు ఒక్కతే ఆలోచించుకుంటుంది. 'తప్పకుండా వచ్చేస్తుంది, నాదీ పూచీ' అని మాత్రం అనకండి. ఆ పూచీ ఐసీయూలో డాక్టరు కూడా ఇవ్వడు.

చిన్నోడికి అంత అవసరం లేదు, కానీ వాడికీ అబద్ధం వద్దు. 'అమ్మ ఊరికి పోయింది' అంటే నాకు చెప్పకుండా ఎందుకు పోయిందని అనుకుంటాడు. 'నిద్రపోతోంది' అంటే వాడు నిద్రకు భయపడతాడు. 'అమ్మకు జబ్బు చేసింది, ఆసుపత్రిలో ఉంది, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు' అనండి. ఆ చివరి మాట ఒక్కసారి చెప్పి ఊరుకోకండి. ఆ వయసు పిల్లలు తప్పంతా తమదే అనుకుంటారు. మళ్లీ పక్క తడుపుతుంటే అవ్వ తిట్టకుండా చూడండి, పక్క మీద వేయడానికి ఒక రబ్బరు షీటు కొనివ్వండి. పాప క్లాస్ టీచరుకు కూడా ఎవరో ఒకరు విషయం చెప్పి ఉండాలి. హోంవర్క్ చేయలేదని ఆ పిల్లను బెంచీ ఎక్కించే పరిస్థితి రాకూడదు.

ఇంకొకటి, దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. వచ్చిన చుట్టాలు పాప తల మీద చెయ్యి పెట్టి, 'ఇంక తమ్ముడికి నువ్వే అమ్మవి' అంటారు. ఎక్కడ విన్నా ఆపండి. పెద్దవాళ్లని మొహమాటపడకండి. తొమ్మిదేళ్ల పిల్ల ఎవరికీ అమ్మ కాదు. పైగా అమ్మ బతికే ఉంది.

బతికే ఉండడం అనగానే గుర్తొచ్చింది. మన దగ్గర వెంటిలేటర్ అనగానే స్పృహ లేదని లెక్క కట్టేస్తారు. జీబీఎస్‌లో చాలామందికి తెలివి బాగానే ఉంటుంది. చెయ్యి కదలదు, నోరు కదలదు, అన్నీ వినపడతాయి. మత్తు మందు ఇస్తున్నారేమో డాక్టరును అడగమనండి, ఇవ్వకపోతే ఆమె వింటున్నట్టే. అప్పుడు ఆమె మంచం పక్కన అప్పుల లెక్కలు మాట్లాడకూడదు, ఏడవకూడదు. ఆమెతో మాట్లాడడానికి ఒక గుర్తు పెట్టుకోమనండి: ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో పాప చేతే రాయించండి: నొప్పి, దురద, చలి, కఫం, పక్కకు తిప్పండి, పిల్లలు. అచ్చులు, హల్లులు మొత్తం రాస్తే అవన్నీ చూపించేసరికి ఆమె అలసిపోతుంది, ఈ ఆరూ చాలు. ఈ జబ్బులో ఒళ్లంతా నొప్పులు ఎక్కువ, పైకి చెప్పుకోలేక పడుంటారు. ఆ అట్టను ఆయన చూపిస్తే ఆమె ఏది కావాలో రెప్పతో చెబుతుంది. చిన్నోడు పాడే పాటో, పాప ఎక్కం అప్పజెప్పడమో మీ ఫోన్లో రికార్డు చేసి ఆయనకు పంపండి. నర్సమ్మ ఒప్పుకుంటే ఆమె చెవి దగ్గర పెడతాడు. పాప తానే వెళ్లి చూస్తానంటే, చాలా ఐసీయూల్లో పిల్లలను రానివ్వరు. రానిచ్చేట్టయితే ముందు ఫోటో చూపించి, ఏ గొట్టం ఎందుకో చెప్పి తీసుకుపోవాలి. పిల్ల వద్దంటే వద్దే.

అత్తగారు మొక్కులు మొక్కుతూ ఉంటుంది, మొక్కనివ్వండి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ మోకాళ్ల మీద ఎక్కుతానంటే, ఆ వయసులో వద్దని, మెట్లకు పసుపు కుంకుమ పెట్టే మొక్కుకు ఒప్పించండి. ఆమె కూడా మంచాన పడితే పిల్లల గతేం కాను? ఆమె బీపీ మాత్రలు పల్లెలోనే మరిచిపోయి వచ్చిందేమో కనుక్కోండి. ఇంకో సంగతి గట్టిగా చెప్పండి: తీర్థం గానీ, లడ్డూ పలుకు గానీ కోడలి నోట్లో పెట్టకూడదు. ఈ జబ్బులో మింగే శక్తి కూడా పోవచ్చు. చెంచాడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగినా న్యుమోనియా రావచ్చు. తీర్థం నుదుటికి అద్దితే దేవుడు కాదనడు.

చుట్టాల ఫోన్ల సంగతి. 'ఎట్లుంది, ఏమన్నారు, వేలూరు పెద్దాసుపత్రికి ఎందుకు తీసకపోలేదు?' మన జిల్లాలో జబ్బు మాట ఎత్తితే వేలూరు మాట రాకుండా ఉండదు, వాళ్ల తప్పు కాదు. కానీ వెంటిలేటర్ మీదున్న మనిషిని వందకు పైగా కిలోమీటర్లు కదిలించాలా వద్దా అన్నది డాక్టర్లు చెప్పాల్సిన మాట. ఫోన్లో ఉన్న పెదనాన్న తేల్చేది కాదు. ప్రతివాళ్లకూ అదే కథ మొదట్నుంచి చెప్పేసరికి ఆయనకు రోజు గడిచిపోతుంది. ఆయన ఒప్పుకుంటే ఆ పని మీరు తీసుకోండి. సాయంత్రం ఏడుకు ఆయన మీకు రెండు ముక్కలు వాయిస్ పెడతాడు, మీరు వాటిని టైపు చేసి వాళ్ల బంధువుల వాట్సాప్ గ్రూపులో వేస్తారు. ఆయన చెప్పిందే వేయండి, ఒక్క ముక్క కూడా కలపకండి. గొట్టాలతో ఉన్న ఫోటో ఎక్కడా పెట్టొద్దు. రేపు ఆమె లేచి చూసుకుంటే సిగ్గుపడేది ఏదీ ఫోన్లలో తిరగకూడదు.

డబ్బు మాట ఆయన ఎత్తడు, కాబట్టి మీరే తెలుసుకుని ఉండండి. ఈ జబ్బుకు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఒంటి బరువును బట్టి ఉంటుంది, కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు. 60 కిలోల మనిషికి రోజుకు 24 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు దాదాపు ఐదు. చాలా ఖరీదు. దానికి బదులు కొందరికి ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని నీటి భాగాన్ని తీసి మార్చడం, చేస్తారు, అదీ తక్కువేమీ కాదు. చేతి నుంచి కట్టాల్సి వచ్చి ఉంటే మొదటి వారమే ఇంట్లో బంగారం కుదవకు పోయి ఉంటుంది, ఆ సంగతి మీరు అడగొద్దు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా, అదే జనం నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీ, దాని కింద నమోదు చేశారో లేదో మాత్రం కనుక్కోమనండి. పథకంలో ఉన్న ఆసుపత్రి అయితే లోపల దానికొక డెస్కు ఉంటుంది, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుపోవాలి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. పథకంలో రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టాలి. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి. ఆయన చొక్కా జేబులో నలిగిపోతున్న చీటీలన్నీ తీసుకుని, తేదీల వారీగా ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టివ్వడం మీరు అరగంటలో చేసే పని.

చీటీ విషయం ఇంకా తేలిక. ఆమె చీటీ ఇంకా ఎత్తి ఉండకపోతే, ఈ నెల పాట లేకుండా వాళ్లకే ఇచ్చేద్దామని మిగతా ఆడవాళ్లతో మాట్లాడండి. ఒకరిద్దరు గొణుగుతారు, పర్లేదు. బండి సంగతి కూడా ఉంది. బండి ఇంటి ముందు నిలబడితే కంతు ఆగదు. స్టాండులో ఆయనకు నమ్మకమైన డ్రైవరు ఎవరున్నారో కనుక్కోండి. బత్తా, డీజిలు పోగా మిగిలింది ఇంటికిచ్చేట్టు ఇంకొకరు తోలితే, కనీసం ఆ కంతు గడుస్తుంది. స్టాండు వాళ్లే ఇలాంటివి చేస్తారు, అడిగేవాళ్లుంటే.

అన్నం గురించి రెండు ముక్కలు. ఏ ఆసుపత్రో మీరు రాశారు, ఇక్కడ వేయడం లేదు. రుయా, స్విమ్స్ లాంటి చోట టీటీడీ అన్నప్రసాదం ఉంటుంది, కాబట్టి అక్కడ మనిషి పస్తు ఉండడు. మీరు చూడాల్సింది ఇంట్లో అవ్వను, పిల్లలను. వారంలో రెండు రోజులు రాత్రికి సంగటి, పప్పు పంపండి, గిన్నెలు కడగకుండానే ఇమ్మనండి.

ఇప్పుడు మూడు వారాలైంది అన్నారు. జీబీఎస్‌లో నీరసం ముదరడం మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో ఆగుతుంది. అక్కడ కొన్నాళ్లు అటూ ఇటూ కాకుండా ఉండి, ఆ తర్వాత నెలల మీద మెల్లగా తిరిగి వస్తుంది. చుట్టాలు అర్థం చేసుకోలేనిది ఈ మధ్య కాలాన్నే. చావు కాదు, బతుకు కాదు, ఫోన్లో చెప్పడానికి కొత్త సంగతేమీ ఉండదు, అందుకే రావడం మానేస్తారు. మీ గోడ మీద క్యాలెండరులో రెండు నెలల తర్వాత ఒక తేదీకి సున్నా చుట్టి పెట్టుకోండి. ఆ రోజు కూడా మీరు జడలు వేస్తూ ఉండాలి. ఆమె ఇంటికొచ్చాక పని ఇంకా పెరుగుతుంది. కుర్చీలోంచి లేపాలి, ఫిజియోథెరపీ చేయించాలి, కమోడ్ కుర్చీ కావాలి, తానే ఒక ముద్ద కలుపుకుని తినలేక కోపం తెచ్చుకునే మనిషిని ఓర్చుకోవాలి. నేనొస్తాను, నేనొస్తాను అన్నవాళ్లు అప్పుడు ఒక్కరూ ఉండరు. మీరు మేడ మీదే ఉంటారు.

ఆ జాకెట్టు కుట్టండి. కట్ చేసేశారు కాబట్టి పక్క కుట్టులో ఎంత గుడ్డ ఉంటే అంతా లోపలే వదిలేయండి, కత్తిరించకండి. ఐసీయూ నుంచి వచ్చేసరికి మనిషి సగమై ఉంటుంది, తర్వాత మళ్లీ ఒళ్లు చేస్తుంది, అప్పుడు విప్పుకోవచ్చు. హుక్కులు వెనక పెట్టమని చెప్పి ఉంటే, వీలైతే ముందుకు మార్చండి. చిన్నవి వద్దు, పెద్ద హుక్కులు వేయండి. ఈ జబ్బు తర్వాత కొందరికి వేళ్లలో పట్టు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. చేతుల అంచు ఇంకా మడవకపోతే మోచేతి దాకా ఉంచండి, సూదుల మచ్చలు కొన్నాళ్లు కనపడతాయి.